గుట్ట తనంతట తాను అంటుకోదు

ఆత్మకూరులో మా క్వార్టర్సు మిద్దె మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే నిన్న సాయంత్రం పడమటి గాలి ఒక్కసారిగా తిరిగింది. దాంతోపాటు ఆ వాసన వచ్చింది. ఎండుగడ్డి కాలిన వాసనలన్నీ నాకు ఒకటి కావు. వరికొయ్యలు కాలితే గొంతులో పొట్టు పడ్డట్టు గరగరలాడుతుంది. చెత్తకుప్ప కాలితే ప్లాస్టిక్ కంపు కొడుతుంది. గుట్ట మీది బోదగడ్డి కాలితే మాత్రం ముందు నిమ్మాకు నలిపినట్టు చల్లని వాసన వచ్చి, దాని వెనక పొగ వస్తుంది. అంత మంచి వాసన అంత చెడ్డ కబురు మోసుకొస్తుందని తెలియని వాళ్లు ముక్కు ఎగబీల్చి సంతోషపడతారు. పక్క మిద్దె మీద వడియాలు ఎత్తుకుంటున్న ఆవిడ అలాగే సంతోషపడి, పడమటి దిక్కు చూసి, "ఎక్కడో కొండ అంటుకునిందే మేడం" అంది. నాకు నవ్వు వచ్చింది. ఆ మాట నేను సువార్తమ్మ టీచర్ ముందు అని ఉంటే, బట్టలు కింద పెట్టించి మరీ ఆ వాక్యం సరి చేయించేది.

నా పేరు కొండమ్మ. మర్రిపాడు వైపు మెట్ట ఊళ్లలో, గొర్రెలు మేపే ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు ఇంతకంటే నాగరికమైన పేరు పెట్టాలని మా నాయనకు తోచలేదు. చదువుకునే రోజుల్లో ఆ పేరంటే సిగ్గుపడ్డాను. పరీక్ష రాసి అటవీశాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగం తెచ్చుకున్నాక అది పెద్ద హాస్యమైపోయింది. "కొండమ్మ మేడం, కొండ అంటుకునింది" అని ఫోన్ చేసిన ప్రతివాడూ అవతల నోరు మూసుకుని నవ్వేవాడు. మొదటి పోస్టింగు ఉదయగిరి దగ్గర. ఉదయగిరికి కూతవేటు దూరంలో ఉన్న ఒక పల్లెలో అద్దెకు దిగాను. ఆ పల్లె పేరు చెప్పను. అక్కడ నా మీద ఇంకా కోపం ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్ల కోపాన్ని నేను గౌరవిస్తాను.

నేను దిగిన రెండు గదులు సువార్తమ్మ టీచర్ ఇంటి వెనక భాగం. రిటైరైన తెలుగు టీచరు. తెల్లచీర, నుదుట బొట్టు లేని విశాలమైన ముఖం, ఇష్టం లేని మాట వినబడనట్టు నటించే ఒక చెవుడు. కొడుకూ కోడలూ లేరు. మనవడు అనిల్‌ను తనే పెంచింది. వాళ్ల తాతల కాలంలో మిషనరీ దొరలు వచ్చి బడి పెట్టినప్పుడు ఆ ఇంటి వాళ్లు మొదటి బెంచీలో కూర్చున్నారట. ఆ బెంచీ గర్వం ఆమెలో అలాగే ఉండేది. ఊళ్లో ఎవరైనా తెలుగు తప్పుగా మాట్లాడడం ఆమెకు దొంగతనం కంటే పెద్ద నేరం. కిరాణా కొట్టు బోర్డు మీద ఒత్తు పడకపోతే సుద్దముక్కతో తనే పెట్టి వచ్చేది. గుడి అని వాళ్లు పిలుచుకునే చర్చి వాళ్లనూ వదిలేది కాదు. నేను చేరిన కొత్తలో పాస్టర్ గారు ఇంటికి వచ్చి కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ కుటుంబము ఆశీర్వదించును గాక" అని ప్రార్థించారు. ఆమెన్ అని కళ్లు తెరిచీ తెరవకముందే ఆమె అందుకుంది.

"అయ్యా, కుటుంబం ఎవురిని ఆశీర్వదిస్తాది? ఆశీర్వదించేది దేవుడు. మీరు కర్తను మార్చేస్తే ప్రార్థన యాడికి పోతాదో చెప్పండి."

పాస్టర్ గారు మంచి మనిషి. నవ్వి, మళ్లీ కళ్లు మూసుకుని సరిచేసుకున్నారు. ఆమె దగ్గర చదువుకున్న వాళ్లలో ఆయనా ఒకరు.

ఆ ఏడు వేసవి ముందుగా వచ్చింది. మాఘమాసం దాటకముందే గుట్టల మీద గడ్డి పండిపోయి, నడిస్తే చెప్పుల కింద అప్పడాల్లా విరిగేది. నా మొదటి మంట ఒక మధ్యాహ్నం వచ్చింది. వాచర్లతో కలిసి పచ్చి మండలు విరిచి కొట్టి కొట్టి ఆర్పి, చీకటి పడే వేళకు ఇంటికి వచ్చాను. కనురెప్పల మీద కూడా నుసి. టీచరమ్మ చెంబుతో మజ్జిగ ఇచ్చి, నేను తాగేదాకా ఆగి, ఏమైందని అడిగింది.

"గుట్ట అంటుకునింది టీచరమ్మా."

"అంటుకునిందా? అగ్గిపెట్టె తానే కొనుక్కునిందా, ఎవురైనా తెచ్చిచ్చినారా?"

ఒళ్లంతా మండిపోతున్న మనిషితో ఇలా మాట్లాడతారా అని కోపం వచ్చింది. ఆమె నా కోపాన్ని పట్టించుకోలేదు. అరుగు మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. "చిన్నపిల్లోడు కుండ పగలగొడితే వచ్చి ఏమంటాడు? కుండ పగిలింది అంటాడు. పెద్దయినాక కూడా అదే బుద్ధి. పాలు పొంగినాయి, బస్సు పోయింది, గుట్ట అంటుకునింది. మన తెలుగులో ఇదొక సౌకర్యం ఉండాది అమ్మే. చేసినోడు పక్కకు తప్పుకోవచ్చు, పనే తనంతట తాను జరిగినట్టు నిలబడతాది. నువ్వు ఆఫీసరువి. నువ్వు కూడా ఆ సందులోనే దూరితే ఎట్టా? కర్త ఏడమ్మే?"

ఆ రోజు అది నాకు ముసలావిడ చాదస్తంగానే తోచింది. కానీ మర్నాటి నుంచి ఆ మాట నా చెవిలో జోరీగలా తిరగడం మొదలైంది. ఏ ఊరికి వెళ్లినా అందరూ ఒకే వాక్యం చెప్పేవాళ్లు. కొండ అంటుకునింది. ఎట్టా అని అడిగితే ఒక పెద్దాయన, "వెదురు బొంగులు రాసుకున్నాయి మేడం, గాలికి" అన్నాడు. ఆ గుట్ట మీద మందుకైనా వెదురు లేదు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టే ఉంది కానీ, ముఖం మాత్రం అమాయకంగా పెట్టాడు. ఈసారి నేను వదల్లేదు. మళ్లీ మళ్లీ వెళ్లి, వాళ్ల మంచాల మీద కూర్చుని, కర్తల కోసం వెతికాను. ఒకచోట చేని గట్టు మీద కంప కాలుస్తూ భోజనానికి ఇంటికి వెళ్లిన మనిషి. ఒకచోట తేనెపట్టుకు పొగపెట్టి ఆ కాగడాను చెట్టుకిందే మరిచిన మనిషి. ఒకచోట పుట్టినరోజు వంట గుట్ట మీద చేసుకుని పొయ్యి మీద నీళ్లు పోశామనుకున్న కుర్రవాళ్లు. ఒక్కరూ చెడ్డవాళ్లు కాదు. నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఇన్ని మంటల్లో ఒక్క దుర్మార్గుడైనా దొరికితే ఉద్యోగం ఎంత సులువయ్యేదో అనిపించేది.

మా వాళ్ల సంగతీ చెప్పాలి. పాతగడ్డి కాలిస్తే తొలి వానకు లేతచిగురు వస్తుందని గొర్రెల వాళ్లు గుట్టకు నిప్పు పెట్టడం నేను పుట్టకముందు నుంచీ ఉన్నదే. ఆ సంగతి టీచరమ్మకు ఒకరోజు సిగ్గుపడుతూ చెప్పాను.

"మీ నాయన అంటించినాను అంటాడా, అంటుకునింది అంటాడా?" అని అడిగింది.

"అంటుకునింది అనే అంటాడు."

"మంచోడే. వ్యాకరణం తెలీకపోయినా తప్పు తెలుసు" అని పగలబడి నవ్వింది.

వాళ్ల పల్లెలో ఈస్టరు ఆదివారం పొద్దు పొడవకముందే సంఘమంతా పాటలు పాడుకుంటూ గుట్ట ఎక్కుతారు. సూర్యుడు లేచే వేళకు పైన ప్రార్థన జరుగుతుంది. ప్రతి ఏడూ కొవ్వొత్తులు తీసుకుపోయేవాళ్లు. గాలికి అవి ఆరిపోతున్నాయని ఆ ఏడు యువకులు కర్రలకు గుడ్డలు చుట్టి, కిరోసిన్‌లో ముంచి కాగడాలు చేశారు. ముందు నిలబడింది అనిల్. అప్పటికి వాడు కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం రోజూ రోడ్డు మీద పరుగెత్తి ప్రాక్టీసు చేస్తుండేవాడు. నన్నూ రమ్మన్నారు కానీ, నాకు ఆ వేళ వేరే చోట డ్యూటీ. పొద్దున టీచరమ్మ దిగివచ్చి, కాళ్ల నొప్పి కూడా మరిచి, "ఆ దీపాల వరుస చూడాల్సింది నువ్వు. గుట్టకు దండ ఏసినట్టు ఉండాది" అని మురిసిపోయింది. పెద్దావిడ అని మొదటి కాగడా ఆమె చేతే వెలిగించారట.

గుడిలో ఆరాధన ముగిసి అందరూ భోజనాలకు కూర్చునే వేళకు గాలి లేచింది. గుట్ట నడుము మీద పొగ కనబడింది. కబురు అంది వాచర్లతో నేనూ చేరాను గానీ, ఆ రోజు మంట మా మాట వినలేదు. సంఘం వాళ్లూ, మిగతా ఊరి వాళ్లూ విస్తళ్ల ముందు నుంచి లేచి వచ్చి, ఎంగిలి చేతులతోనే మండలు పట్టుకున్నారు. అనిల్ అందరికంటే ముందుండి కొట్టాడు. అయినా గుట్ట ఒక పక్కంతా పోయింది. కింద ఉన్న మామిడితోట సగం వాడిపోయింది. కాయ మీద ఉన్న తోట. దాని ఆసామి చెట్ల మధ్య నిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మంట ఎక్కడ పుట్టిందో కనుక్కోవడం కష్టం కాలేదు. గుట్ట నడుము మీద ఓబులేసు పాత మంద ఉంది, అంటే రాత్రుళ్లు గొర్రెలను తోలి ఉంచే కంచె. ఓబులేసు ఊళ్లో గొర్రెలున్న మనిషి. చలికాలమంతా మంద అక్కడే కట్టి, వేసవి రాగానే పొలాల్లో ఎరువు కోసం రైతులు అడిగితే జీవాలను కిందికి దించాడు. ఆ ఖాళీ మంద నుంచే నలుపు విసనకర్రలా పైకి పాకింది. ఓబులేసు ముందురోజు కంచె కంప తెచ్చుకోవడానికి అక్కడికి వెళ్లాడు. ఓబులేసు బీడీ తాగుతాడు. ఇంకేం కావాలి? సాయంత్రానికల్లా ఊరు తీర్పు చెప్పేసింది. కేసు పెట్టాలి, వాడి గొర్రె ఇక గుట్ట ఎక్కకూడదు. గుట్ట లేకపోతే ఆ మంద అమ్ముకోవడం తప్ప వాడికి దారి లేదు. మా ఆఫీసరు గారు ఫోన్‌లో, త్వరగా తేల్చెయ్యమన్నారు.

ఓబులేసు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. "బీడీ తాగతాను మేడం, కాదనను. మందలో తాగను. మీరూ గొర్రెలింటి బిడ్డే, మీకు తెలీదా?" అన్నాడు.

నాకు తెలుసు. మా నాయన మంద దరిదాపుల్లో అగ్గిపుల్ల గీయనిచ్చేవాడు కాదు. కానీ తెలిసినంత మాత్రాన దాన్ని ఊరి ముందు పెట్టి నిలబెట్టలేను కదా. ఓబులేసు కాకపోతే ఎవరు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. జవాబు లేని ఆఫీసరు మాట ఎవడు వింటాడు?

మర్నాడు సాయంత్రం ఆ గొడవే టీచరమ్మతో చెప్పుకుంటున్నాను. ఆమె అరుగు మీద చాటలో చింతపండు పోసుకుని గింజలు తీస్తోంది. అనిల్ గుమ్మంలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. మందలో ఎందుకు నిప్పు ముట్టించరో ఆమెకు తెలియదు. అందుకని వివరించాను. గొర్రెల పెంటికలు కాళ్ల కింద నలిగి నలిగి, ఎండకు పొడిపొడిగా అయి, చూడడానికి మంచి మట్టిలాగే ఉంటాయి. అందులో నిప్పు పడితే మంట రాదు, పొగ కూడా సరిగా రాదు. లోపల్లోపలే కాలుతూ పడుకుంటుంది. గాలి లేచినప్పుడు తనూ లేస్తుంది.

గింజలు తీసే చేతులు ఆగిపోయాయి.

"మట్టి మాదిరి ఉంటాదా?"

"అవును."

"నల్లగా, మెత్తగా? కాలు పెడితే దిగబడేట్టు?"

"అవును టీచరమ్మా. ఎందుకు?"

ఆమె చాట పక్కకు పెట్టింది. అనిల్ ఫోన్ మీంచి తలెత్తాడు. ఆమె వాడివైపు చూడకుండా నాతోనే చెప్పింది. "ప్రార్థన అయినాక కాగడాలు ఆర్పాల గదా. నీళ్లు లేవు. మట్టి కోసం చూస్తే గుట్టంతా రాళ్లే. దిగి వచ్చేటప్పుడు ఒక్క చోట మెత్తగా ఉంటే పిల్లోళ్లు కాగడాలు తలకిందులు చేసి అందులో గుచ్చినారు. గట్టిగా గుచ్చండ్రా, నిప్పు మిగలకూడదు అని నేనే దగ్గరుండి చెప్పినాను. ఆరినాయని చూసుకుని, కర్రలు తెచ్చేసుకున్నాం."

నిర్లక్ష్యం కాదు, పొగరు కాదు. నిప్పు మిగలకూడదని జాగ్రత్తపడి, సరిగ్గా నిప్పును దాచే చోటే దాచి వచ్చారు. గొర్రెలింటి పిల్లవాడు ఒక్కడైనా ఆ గుంపులో ఉంటే జరిగేది కాదు. అలాంటివాడు ఒక్కడూ లేడు.

మొదట నోరు తెరిచింది అనిల్. గొంతు తగ్గించి, "అవ్వా, ఎవురూ చూళ్లేదు. ఊరికే ఉండు" అన్నాడు.

"ఓబులేసు సంగతి?"

"నాలుగు రోజులు తిడతారు, మరిచిపోతారు. నా మీద కేసు పడితే నాకు ఉద్యోగం వస్తాదా? ఎట్టనో అంటుకునింది అంటే సరిపోతాది గదా. మేడం కూడా మనోళ్లే."

వాడు అడిగింది అన్యాయమని తెలుసు. వాడు ఎంత పరుగెత్తాడో కూడా రోజూ చూశాను. టీచరమ్మ కోప్పడలేదు. వాడి తల నిమిరింది. "ఇన్నేండ్లు పిల్లోళ్లకు కర్త, కర్మ, క్రియ చెప్పి, ఇప్పుడు దాచిపెట్టమంటావురా నాయనా" అంది. ఆ గొంతులో దుఃఖమే ఉంది, నీతిబోధ లేదు. తర్వాత నావైపు తిరిగి, "ఇప్పుడు విన్నది ఇంటి పిల్ల మాదిరి విన్నావు. ఆఫీసరు మాదిరి వినేదానికి ఆదివారం గుడికి రా. ఓబులేసును కూడా తోడుకొనిరా. అప్పటిదాకా వాడి మీద చెయ్యి పడనీయబాక" అంది.

ఆ వారం నేను ఆఫీసరు గారికి ఏం చెప్పి ఆపానో ఇప్పుడు గుర్తు లేదు. ఏదో ఒకటి చెప్పి ఉంటాను. మా టీచరమ్మ చెప్తుందేమో, చెప్పదేమో అన్న దిగులు మాత్రం గుర్తుంది. చెప్పకపోతే ఆమెను నేను ఎలా చూడను? చెబితే అనిల్‌ను ఎలా చూడను?

వాళ్ల గుడిలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పే వేళ ఒకటి ఉంటుంది. జ్వరం తగ్గిందనీ, కూతురికి కాన్పు సులువైందనీ, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకుంటారు. నేను వెనక చాప మీద కూర్చున్నాను. ఓబులేసు ఎంత పిలిచినా లోపలికి రాక, చెప్పులు విడిచే చోట నిలబడ్డాడు. టీచరమ్మ లేచింది. పాఠం చెప్పే గొంతుతోనే మొదలుపెట్టింది.

"నా సాక్ష్యం చిన్నది. మొన్న గుట్ట అంటుకునింది అని మీరందరూ అంటా ఉండారు. గుట్ట అంటుకోలేదు. ఓబులేసు అంటించలేదు. నేను అంటించినాను. కాగడా వెలిగించింది ఈ చేత్తోనే. దాన్ని ఓబులేసు మందలో గుచ్చమనింది ఈ నోటితోనే."

పాస్టర్ గారు లేచి, మృదువుగా, "పెద్దావిడ మనసు కష్టపెట్టుకుని చెప్తా ఉండారు. ప్రమాదవశాత్తు జరిగిన..." అనబోయారు. ఆమె చెయ్యి ఎత్తింది. "జరగలేదయ్యా. చేసినాను. ప్రమాదమే, గానీ చేసింది నేను" అంది. మగవాళ్ల వైపు నుంచి ఒకాయన లేచి, "మనోళ్లను మనమే పట్టిస్తే ఊళ్లో మన ముఖం ఏమైపోవాల?" అని గట్టిగా అడిగాడు. ఆమె వెనక్కి తిరిగి వాకిలి వైపు చూపించింది. "ఆ ముఖం ఏమైపోవాలనో కూడా చెప్పు" అంది. అందరూ తిరిగి చూశారు. ఓబులేసు తలగుడ్డను ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

ఆ తర్వాత జరిగినవన్నీ అందంగా లేవు. కొన్నాళ్లు సంఘంలో ఆడవాళ్లు ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. మామిడితోట ఆసామి ఆమె ఎదురైతే పక్కసందులోకి తిరిగేవాడు. అనిల్ పేరు కేసులో లేదు, అయినా ఆ ఏడు పరుగులో వెనకబడి సెలక్షన్ పోగొట్టుకున్నాడు. ఆ కోపం కాళ్ల మీద రావాల్సింది, అవ్వ మీదికి వచ్చింది. బట్టలు సర్దుకుని నెల్లూరులో ఏదో షాపులో పనికి చేరి, ఇంటికి రావడం మానేశాడు. ఆమె కేసు ఆత్మకూరు కోర్టుకు వచ్చింది. వాయిదాకు పులిహోర డబ్బా కట్టుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, విహారానికి వెళ్లినట్టు వచ్చింది. కోర్టు గుమాస్తా కాగితంలో "నిప్పు అంటుకొనుటకు కారణమైన" అని చదివితే, "అంటించిన అని రాస్తే పొట్టిగా, నిజంగా ఉంటాది గదయ్యా" అని చెప్పింది. నవ్వు ఆపుకోలేక నేను వరండాలోకి పరుగెత్తాను. కొద్దిపాటి జుల్మానాతో పంపించారు.

తిరుగు బస్సులో నాకు ఒక సందేహం వచ్చింది. "టీచరమ్మా, గుచ్చింది చాలామంది గదా. అంటించినాం అని చెప్పాల్సింది. మీ వాక్యంలో వచనం తప్పు" అన్నాను, ఆమెనే ఆటపట్టిద్దామని.

ఆమె కిటికీలోంచి చూస్తూనే చెప్పింది. "మనం అనేది కూడా ఒక సందే అమ్మే. అందులో కూడా దూరొచ్చు. ఎవురి వాక్యం వాళ్లే చెప్పుకోవాల. వాడి వాక్యం నేను చెప్పకూడదు." వాడు అంటే ఎవరో నేను అడగలేదు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది, దుమ్ము అంది.

ఓబులేసు గొర్రెలు గుట్ట ఎక్కడం మానలేదు. ఒకరోజు దొడ్డి గుమ్మంలో గుమ్మడికాయ పెట్టి, "మీరు చెప్పకపోయినా యాడో ఒకచోట బతికేవాణ్ణి టీచరమ్మా. చెప్పినారు గాబట్టి మా ఊళ్లోనే బతకతా ఉండా" అని వెళ్లిపోయాడు. మరుసటి ఈస్టరుకు యువకులు కాగడాలు చేయలేదు. గుట్ట కింద చీకట్లోనే పాటలు పాడి, వెలుగు వచ్చాక ఎక్కారు. మోకాళ్లు సహకరించక ఆమె కిందే కుర్చీలో కూర్చుంది. పక్కన చెంబు పట్టుకుని కూర్చున్నావిడ అంతకుముందు ఆమెతో మాట్లాడడం మానేసిన ఆవిడే.

నాకు ప్రమోషన్ వచ్చి ఆత్మకూరుకు బదిలీ అయింది. సెలవు దొరికితే వెళ్లేదాన్ని. ప్రతిసారీ, "అనిల్ ఏమన్నా ఫోన్ చేసినాడా నీకు?" అని అడిగేది. లేదని చెప్పడం కంటే గుట్ట ఎక్కడం తేలిక. ఆమె పోయిన రోజు అనిల్ వచ్చాడు. సమాధి మీద మట్టి వేశాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఆ తర్వాత షాపు పని మానేసి, అవ్వ ఇంట్లోనే ఉండి, ఉన్న కాస్త చేను చేసుకుంటున్నాడని ఓబులేసు ఫోన్‌లో చెప్పాడు.

పోయిన వేసవిలో ఒకరోజు పని మీద వరికుంటపాడులో ఉన్నాను. నర్సరీలో మొక్కలు చూస్తుంటే ఫోన్ మోగింది. అనిల్. ఇన్నేళ్లలో వాడు నాకు చేసిన మొదటి ఫోన్. వాడి వెనక చిటపటలు వినబడుతున్నాయి.

"మేడం, నేను అనిల్‌ను. చేని గట్టు మీద కంప అంటించినాను. గాలి లేచింది. గుట్ట మీదికి పోతా ఉండాది. నేనే అంటించినాను మేడం. తొందరగా మనుషుల్ని పంపించండి."

ఉదయగిరి వాచర్లకు ఒక్క ఫోన్ కొట్టాను. ఎక్కడ పుట్టిందో, ఎటు పోతోందో చెప్పే మనిషి ఉన్నాడు కాబట్టి వాళ్లు నేరుగా అక్కడికే పరుగెత్తారు. ఓబులేసు తన మంద వదిలేసి వాళ్లతో కలిశాడు. నేను జీపులో చేరేసరికి గుట్ట మోకాలి దగ్గరే మంట ఆగిపోయింది. నా ఉద్యోగంలో అన్ని వేసవుల్లో, అంటించిన మనిషే మంట ఇంకా రగులుతుండగా ఫోన్ చేయడం అదొక్కటే. మిగతావన్నీ పొగ ఆకాశాన్ని అంటాక, ఎవరో ఒకరు, కొండ అంటుకుందని చెప్పినవే.

అనిల్ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కనుబొమలు కాలిపోయాయి, అరచేతులు పొక్కాయి. నన్ను చూసి లేచి నిలబడి, "రాసుకోండి మేడం. నా పేరే రాయండి. ఆ రోజు కూడా మొదట గుచ్చింది నేనే" అన్నాడు. అని, ఇల్లున్న వైపు చూశాడు. వాడి అవ్వ ఉంటే ఏం చేసేదో నాకు తెలియదు. ఆ వాక్యం కోసం ఆమె చివరిదాకా ఎదురుచూసిందని మాత్రం తెలుసు. వినాల్సిన మనిషి మట్టిలో ఉంది. ఆమె బదులు నేను విన్నాను.